విమానాల కొలువు

మా మనవడి గదిలో ఒక గాజు బీరువా ఉంది. అందులో బట్టలు లేవు, పుస్తకాలు లేవు. పాతకాలపు పంకా విమానాలున్నాయి. అసలు విమానాన్ని కొలిచి, అరచేతిలో పట్టేంతకి కుదించి, కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేస్తారట. వాడికి ప్రయాణికుల్ని మోసిన విమానాలే కావాలి, యుద్ధంలో తిరిగినవి వద్దు. ఎక్కడెక్కడి నుంచో తెప్పిస్తాడు. వచ్చిన డబ్బాలోంచి పొత్తిళ్ళలో బిడ్డని తీసినట్టు తీస్తాడు. పెళ్ళీడు దాటిపోతోందిరా అంటే మాత్రం వాడికి వినపడదు.

మొన్న బీరువా తుడుస్తూ తలుపు తెరిచి ఉంచాడు. నేను వెళ్ళి ముందు వరసలో ఉన్న వెండిరంగు విమానం ముక్కు మీద ఉఫ్ మని ఊదాను. పంకా గిర్రున తిరిగింది.

"బామ్మా, ఊదకు! తేమ తగిలితే రంగు పోతుంది."

"తిప్పకపోతే ఇంక పంకా ఎందుకురా?"

"ఇవి ఆడుకోడానికి కాదు బామ్మా, చూడ్డానికి."

"చూసేదెవరు?" అన్నాను.

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట నాది కాదు. బందరులో మా పక్కింటి మావయ్యగారిది. ఆయన్ని తలుచుకుని చాలా ఏళ్ళయింది. ఆ ఊదడం కూడా ఆయన దగ్గర నేర్చిందే.

మావయ్యగారు అంటున్నాను గానీ ఆయన మాకు ఏమీ కారు. మా అత్తగారు ఆయన్ని "అన్నయ్యగారూ" అనేవారు, ఆయన ఆవిణ్ణి "చెల్లెమ్మా" అనేవారు. గోడకి అటొకరూ ఇటొకరూ ఉన్నాక ఏదో ఒకటి పిలుచుకోవాలి కదా. ఆ వరసన నాకు మావయ్యగారయ్యారు. పోర్టాఫీసులో గుమాస్తా. బందరు రేవు అప్పటికే నీరసించింది. స్టీమర్లు ఎక్కడో దూరాన ఆగితే పడవల మీద సరుకు వచ్చేది, రోజుల తరబడి అదీ వచ్చేది కాదు. మీ ఆఫీసులో ఏం పనండీ అని ఎవరైనా అడిగితే, "ఎదురుచూడ్డం" అనేవారు. వేళాకోళం ఆడుతున్నారో నిజమే చెబుతున్నారో ఆ మొహం చూస్తే తెలిసేది కాదు.

ఆయన గొడుగుది ఒక కథ. చినుకు పడగానే దాన్ని తీసి చంకలో దాచేసేవారు, తడుస్తుందని. తాను తడిసి ముద్దయి ఇంటికొచ్చేవారు. మా అత్తగారు గోడ మీంచి, "ఇంతోటి దానికి గొడుగెందుకండీ అన్నయ్యగారూ!" అంటే, "సర్దుకుంటుంది లెండి" అనేవారు. ఆయన నోట ఎక్కువగా విన్నది ఆ మాటే. కూరలో ఉప్పెక్కువైనా, గోడ కూలినా, జ్వరమొచ్చినా సర్దుకుంటుంది లెండి.

ఇంకొకటుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, తాళం తీసి, తలుపు తోసే ముందు గట్టిగా గొంతు సవరించుకునేవారు. లోపలున్న ఆడమనిషికి కబురన్నమాట. లోపల ఎవరూ లేరు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ దగ్గు వినపడినప్పుడల్లా మా అత్తగారు చేస్తున్న పని ఒక క్షణం ఆపేవారు.

నేను దివిసీమ నుంచి రేవు దాటి బందరుకి కాపురానికొచ్చిన ఏడే ఆయన మొదటి బొమ్మల కొలువు పెట్టారు. ఆయన భార్య పోయిన ఏడాది పండగలు లేవు. సంవత్సరీకాలు అయిపోయాక వచ్చిన దసరాకి ముందు ఒకనాడు గోడ దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"చెల్లెమ్మా, పట్టిన కొలువు మానకూడదంటారు కదా?"

"మానకూడదు. ఏడాదికొక్క కొత్త బొమ్మయినా చేరాలి. అయినా ఇప్పుడెవరు పెడతారండీ?"

"నేను పెడతాను."

అత్తగారికి నవ్వాగలేదు. బొమ్మల కొలువు ఆడవాళ్ళ పండగ. మెట్లు కట్టడం, బొమ్మలు పేర్చడం, పేరంటానికి పిలవడం, బొట్టు పెట్టడం, హారతి, పాటలు అన్నీ ఆడవాళ్ళవే. మగవాళ్ళు చేసేదల్లా అటక మీంచి పెట్టె దించడం, పండగయ్యాక ఎక్కించడం. ఆయన మాత్రం నవ్వలేదు. "ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొలువమ్మా. నాతో ఆగిపోతే బాగుండదు" అని వెళ్ళిపోయారు.

ఆ మర్నాడు కొత్త బొమ్మని కాగితంలో చుట్టి తెచ్చి గోడ మీద విప్పారు. ఇంగ్లీషు సామాన్ల కొట్లోకి మద్రాసు నుంచి వచ్చిన విమానం. వెండి రంగు. ముక్కు దగ్గర పంకా, పక్కన చిన్న చిన్న గీతల్లా కిటికీలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ కొలువులో విమానమేమిటి? మా అత్తగారు ఆ మాటే అడిగారు.

అప్పుడు చెప్పారాయన. ఆవిడ బతికుండగా ఒక దసరాకి ఎంతో మురిపెంగా కొండపల్లి ఏనుగు అంబారీ కొనుక్కొచ్చారట. ఆవిడ కొలువులో నడిమెట్టు మీద అచ్చం అలాంటి అంబారీయే ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఆవిడ కొత్తదాన్ని చేత్తో పట్టుకుని, "నా కొలువులో ఏముందో ఏనాడైనా చూశారా మీరు?" అందట.

"చూడలేదమ్మా" అన్నారు మావయ్యగారు. "పెట్టె దించేవాణ్ణి, ఎక్కించేవాణ్ణి. మధ్యలో ఏముందో చూడలేదు. ఇప్పుడు మళ్ళీ ఉన్నదే కొంటే ఎలా? అందుకని ఆవిడ దగ్గర లేదని నాకు గట్టిగా తెలిసింది కొన్నాను."

మా అత్తగారు విమానాన్ని తిరిగి కాగితంలో చుట్టి ఇచ్చేశారు.

పేరంటానికి పిలవడానికి ఆయనే బయల్దేరారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. ఆడవాళ్ళయితే గుమ్మంలోకొచ్చి బొట్టుపెట్టి పిలుస్తారు. పరాయి ఆడవాళ్ళకి ఈయన బొట్టెలా పెడతారు? ప్రతి గుమ్మం ముందూ నిలబడి, తల నేలకేసి వంచి, కుంకుమ భరిణ తెరిచి చేయి చాచేవారు. "తమరే పెట్టుకోవాలి తల్లీ. సాయంత్రం మా ఇంట్లో పేరంటం" అనేవారు. ఆడవాళ్ళు పైట నోటికడ్డం పెట్టుకుని, వేలు కుంకుమలో ముంచి, "అలాగేనండీ" అనేవారు. ఆయన అటు తిరగగానే పకపకలు.

మా ఇంటి పక్కకిటికీలోంచి ఆయన ముందుగది కనిపించేది. ఆ మధ్యాహ్నం ఆయన మెట్ల పక్కన గోడకి అద్దం తగిలించడం చూశాను. ఆవిడ అద్దం, చెక్క చట్రంది, ఒక మూల రసం పోయింది. మేకు కొట్టి, అద్దం తగిలించి, ఎదురుగా నిలబడి మోకాళ్ళు కాస్త వంచి చూసుకున్నారు. నచ్చలేదు. మేకు పీకి ఇంకొంచెం కింద కొట్టారు. మళ్ళీ మోకాళ్ళు వంచారు. ఏం చేస్తున్నారో నాకు చాలాసేపటికి గాని అర్థం కాలేదు. ఆవిడ ఎత్తు చూసుకుంటున్నారు. ఆడవాళ్ళొచ్చి ఎవరి బొట్టు వాళ్ళు పెట్టుకోవాలి కదా, వాళ్ళ మొహాలు అందే ఎత్తున అద్దం ఉండాలి. అద్దం కింద పీట మీద కుంకుమ, పసుపు, తాంబూలాలు, గిన్నె నిండా తాలింపు శనగలు పెట్టారు. రెండు తలుపులూ బార్లా తెరిచి, దీపం వెలిగించి, ఉత్తరీయం సర్దుకుని కూర్చున్నారు.

వీధిలో పిల్లలొచ్చి శనగలు గుప్పిళ్ళతో తీసుకుని పారిపోయారు. పిల్లలు పేరంటం కిందికి రారు. ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదు.

"మనం వెళ్దామా అత్తయ్యా?" అన్నాను. కొత్తకోడల్ని, మా ఆయన గుడివాడలో ఉద్యోగం చేస్తూ వారానికోసారి వచ్చేవారు. పొద్దస్తమానం ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు. పేరంటమంటే ప్రాణం లేచొచ్చేది.

"వదిన లేని ఇంటికి పేరంటానికెలా వెళ్తామే? బొట్టు పెట్టే చెయ్యేదీ? ఎవరికి వాళ్ళు పెట్టుకుంటే దాన్ని పేరంటమనరు, ముస్తాబంటారు" అన్నారు అత్తగారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆచారం దగ్గర మాత్రం రాయి.

చీకటి పడబోతుండగా మావయ్యగారు లేచి మెట్ల దగ్గరికెళ్ళారు. వంగి విమానం పంకా మీద ఊదారు. వెనక్కి రెండడుగులు వేసి, చేతులు కట్టుకుని, అది తిరిగి తిరిగి ఆగిపోయేదాకా చూశారు. తర్వాత దీపం కొండెక్కించి తలుపులు మూసుకున్నారు.

ఏటా అదే తంతు. ఏటా ఒక కొత్త విమానం. ఒక పంకాది ఒకటి, రెండు పంకాలది మరొకటి, రెక్క మీద రెక్క ఉన్నదొకటి, నాలుగు పంకాల మహారాజులాంటిదొకటి. ఉన్నదే మళ్ళీ కొనకూడదని ఆయన పట్టుదల. కొనబోయే ముందు ఇంట్లో విమానాల ముక్కులు, తోకలు బాగా చూసుకుని వెళ్ళేవారు. ఆ చూడ్డంలోనే వాటి మీద ప్రేమ పుట్టిందనుకుంటాను. ఆదివారాలు అరుగు మీద చాప పరిచి, ఒక్కొక్కదాన్నీ ఉత్తరీయం కొంగుతో తుడిచి ఎండలో వరసగా పెట్టేవారు. గోడ మీంచి నేను చూస్తుంటే, "ఇందులో పదిమంది ఎక్కొచ్చునట అమ్మాయీ. కుర్చీల్లో కూర్చుని టీ తాగుతారట" అనేవారు. ఆ కిటికీ గీతల్లోంచి లోపలికి తొంగి చూసేవారు, ఎవరైనా కనిపిస్తారేమోనన్నట్టు. లోపల గట్టి లోహమేనని ఆయనకీ తెలుసు.

రాముడు, కృష్ణుడు, దశావతారాలు, పాలమ్మే గొల్లభామ, వాళ్ళ మధ్యలో ఏడాదికొకటి చొప్పున విమానాలు వచ్చి వాలుతున్నాయి. ఆవిడ బొమ్మ ఒక్కదాన్ని కూడా ఆయన పక్కకి జరపలేదు. మెట్టే పొడిగించారు. శనగలు మాత్రం అలాగే మిగిలేవి. మర్నాడు పాలామెకి పెట్టేవారు.

ఇంతలో యుద్ధం వచ్చిపడింది. సముద్రం మీంచి విమానాలొచ్చి బాంబులు వేస్తాయని ఊరంతా హడలిపోయింది. బంటుమిల్లిలో చుట్టాలున్నవాళ్ళు బంటుమిల్లికి, పమిడిముక్కలలో ఉన్నవాళ్ళు అక్కడికి, ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. దసరా నాటికి కూడా మా వీధిలో సగం ఇళ్ళకి తాళాలే. మిగిలినవాళ్ళకి మావయ్యగారి మీద కోపం వచ్చింది. "నెత్తిమీదికి ఎప్పుడొస్తాయో అని మనం చస్తుంటే ఈయన దీపం పెట్టి వాటిని పిలుస్తున్నాడు" అన్నారు. ఎదురింటాయన మొహమ్మీదే అన్నాడు.

"ఇవి మనుషుల్ని ఊళ్ళకి చేర్చేవండీ. బాంబులు మోసేవి వేరే" అన్నారు మావయ్యగారు. వినేవాళ్ళెవరు?

ఆ మరుసటి ఏడు ఇంగ్లీషు సామాన్ల కొట్టుకి సరుకు రావడం మానేసింది. బొమ్మలు చేసే సీసమంతా తుపాకీ గుళ్ళకి పోతోందట. దసరా దగ్గరపడుతోంది, కొత్త విమానం లేదు. ఆయన గిలకలదిండి వెళ్ళి జాలర్లు వలలకి కట్టే సీసం గుళ్ళు తెచ్చుకున్నారు. పాత విమానాన్ని తడిమట్టిలో అద్ది అచ్చు తీశారు. కుంపటి మీద సీసం కరిగించి పోశారు. ఆయన వంటింట్లోంచి పొగ వస్తుంటే ఇల్లంటుకుందేమోనని మేం పరిగెత్తుకుంటూ గోడ దగ్గరికెళ్ళాం.

మావయ్యగారు బయటికొచ్చారు. కుడిచేతి వేళ్ళకి తడిగుడ్డ చుట్టి ఉంది. ఎడంచేతిలో ఉన్నదాన్ని తెచ్చి గోడ మీద పెట్టారు. ఒక రెక్క పొడుగు, ఒక రెక్క పొట్టి. తోక వంకర. ముక్కు దగ్గర సీసం నిండనే లేదు. పంకా సంగతి దేవుడెరుగు.

మా అత్తగారు కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. "ఏం విమానమండీ అన్నయ్యగారూ! ముక్కులేదు! ఇది ఎగిరినట్టే!"

ఆయన కూడా నవ్వారు. సర్దుకుంటుంది లెండి అంటారని చూశాను. అనలేదు. గోడ మీద విమానాన్ని అటూ ఇటూ తిప్పుతూ, "ఈ ఏటితో ఎత్తేస్తానమ్మా" అన్నారు.

"అదేమిటి? పట్టిన కొలువు..."

"చూసేదెవరు చెల్లెమ్మా? నా కొలువులో ఏముందో ఏనాడైనా చూశారా అని అడిగింది ఆవిడ. ఇన్నేళ్ళ నుంచీ చూస్తూనే ఉన్నాను. నేనొక్కణ్ణే చూస్తున్నాను. ఆవిడ పెట్టింది నాకోసం కాదు కదా. పదిమంది ఆడవాళ్ళు రావాలని, వాళ్ళ పాటలు వినాలని పెట్టుకుంది. నా వల్ల ఆ ఇంటికి ఆడవాళ్ళు రావడం మానేశారు."

 ఆఫీసులో స్టీమరు రాలేదని చెప్పినట్టే చెప్పారు.  మా అత్తగారు ఆ కాలిన వేళ్ళనే చూస్తున్నారు.

కొలువు పెట్టిన సాయంత్రం, దీపం వెలుతురు విమానాలకి కనపడకుండా నేను కిటికీకి నల్లకాగితం అంటిస్తుంటే అత్తగారు పట్టుచీర కట్టుకుని వచ్చారు. "నువ్వూ చీర మార్చుకో" అన్నారు.

"ఎక్కడికత్తయ్యా?"

"మా అన్నయ్య ఇంటికి."

నాకు అర్థం కాలేదు. ఆవిడే విసుక్కుంటూ చెప్పారు. "ఇన్నేళ్ళ నుంచి అన్నయ్యగారూ అన్నయ్యగారూ అని గోడ మీంచి పిలుస్తూనే ఉన్నానా? వదిన లేకపోతే ఆడపడుచు లేదా ఆ ఇంటికి? ఆడపడుచు నిలబడి కొలువు నడపకూడదని ఏ శాస్త్రంలో ఉంది? ఈ మాట నాకింతకు ముందు తోచలేదు చూడు, నా బుర్రకి బూజు పట్టింది."

మేం వెళ్ళేసరికి తలుపులు తెరిచే ఉన్నాయి. మమ్మల్ని చూసి మావయ్యగారు లేచిన తీరు నేను మరచిపోలేను. కూర్చున్న పీట తన్నేసుకుని, ఉత్తరీయం జారిపోయి, ఏం చెయ్యాలో తోచక గభాలున వీధిలోకి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళ పేరంటంలో మగాడుండకూడదు కదా! అరుగు మీద మాకు వీపు పెట్టి, వీధికేసి తిరిగి నిలబడి, అక్కడి నుంచే అరిచి చెబుతున్నారు.

"కుంకం అద్దం కిందుంది తల్లీ! శనగల్లో ఉప్పు తక్కువైందేమో!"

అత్తగారు అద్దంకేసి చూడను కూడా లేదు. భరిణ తీసుకుని, ఇంటావిడలా మెట్ల పక్కన నిలబడి, నన్ను దగ్గరికి పిలిచి బొట్టు పెట్టారు. తాంబూలం చేతిలో పెట్టి, శనగలు పోసి, వీధిలోకి వినపడేలా, "మా వదిన కొలువు ఎలా ఉందే?" అన్నారు.

"చాలా బాగుందత్తయ్యా" అన్నాను. 

అప్పుడు ఆవిడ ఒక్కొక్క మెట్టే చూస్తూ, చూసిందల్లా పైకి చెప్పడం మొదలుపెట్టారు. గొల్లభామ కుండ అంచు విరిగిందన్నారు. దశావతారాలు వరస తప్పకుండా పెట్టారే అన్నారు. విమానాల దగ్గర ఆగి, "అమ్మయ్యో, ఎంతెంత ముచ్చటగా ఉన్నాయే!" అని వంగి నాలుగు పంకాలదాని మీద ఊదారు. చివరికి నడిమెట్టు చూసి, "ఏవండీ అన్నయ్యగారూ, ఏనుగు అంబారీలు రెండూ పక్కపక్కనే పెట్టారేమిటి?" అన్నారు.

 అరుగు మీంచి, "ఒకటి ఆవిడది. ఒకటి నాది" అన్న మాట వినిపించింది.

నన్ను పాడమన్నారు. మా దివిసీమలో పాడుకునే మంగళహారతి పాడాను. పాడుతూ బయటికి చూశాను. మావయ్యగారు అలాగే వీధికేసి నిలబడి ఉన్నారు, వీపు మాత్రం కదులుతోంది. ఏడుస్తున్నారు. మేం వెళ్ళిపోతుంటే అత్తగారు ఆయనతో, "ఎత్తేస్తారా? వచ్చే ఏడు కూడా నేనే వచ్చి నడుపుతాను. చూడండి కావాలంటే" అన్నారు.

మరుసటి ఏడు మేం బందరులో లేం. మా ఆయన నన్నూ, అత్తగారినీ, మావగారినీ గుడివాడ తీసుకెళ్ళిపోయారు. దసరాకి రైలెక్కి వెళ్ళివద్దామని అత్తగారు చీరలు కూడా సర్దుకున్నారు. సరిగ్గా అప్పుడే మా మావగారికి విషజ్వరం తగిలి, మంచం పక్కనుంచి కదలడానికి వీల్లేకపోయింది. ఆ తర్వాత ఎండాకాలంలో, పక్కింటి మావయ్యగారు పోయారని బందరు నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. అత్తగారూ నేనూ వెళ్ళాం. తలుపుకి తాళం. ఆయన మేనల్లుడెవరో వచ్చి సామానంతా బండిలో వేయించుకుపోయాడట. ముక్కులేని విమానం మాత్రం అరుగు మూల పడి ఉంది. అది బొమ్మని ఎవరికీ తోచి ఉండదు.

పాలామె మమ్మల్ని చూసి వచ్చింది. పోయిన దసరా సంగతి తనే చెప్పింది.

"కొలువు పెట్టారండీ. అన్ని రోజులూ పెట్టారు. దీపం ఎట్టి, తలుపులు తీసి, తనేమో బయట అరుగు మీద నిలబడేవోరు, అటు తిరిగి. ఎవరూ రాలేదండీ. నేనే అడిగాను, లోపలికెళ్ళి కూకోండి బాబూ, కాళ్ళు నొప్పెట్టవా అని. లోపల పేరంటం జరుగుతోంది, నేనెల్లకూడదమ్మా అన్నారు."

మా అత్తగారు అరుగు మీద కూలబడ్డారు. ఆవిడ ఏడవగా నేను చూసింది అదే మొదలు. చాలాసేపు అలాగే ఉండి, లేచి, ఆ సీసం ముద్దని కొంగుతో దుమ్ము దులిపి తీసుకున్నారు.

గుడివాడ రైల్లో దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. బరువుగా ఉంటుంది, నాకివ్వండి అంటే ఇవ్వలేదు. పెడన దాటాక, "ఈ దసరాకి మెట్లు కట్టించాలి. మీ మావగారితో చెప్పు" అన్నారు.

"మనింట్లో కొలువు ఆనవాయితీ లేదు కదత్తయ్యా?"

ఆవిడ కిటికీలోంచి చేలకేసి చూస్తూ, "సర్దుకుంటుంది లే" అన్నారు.